మొగలిపుట్టుగకి ఇవాళ లేదు

ఇరవై మంది కంటే తక్కువ మంది వర్తమానంలో ఉంటున్న ఊళ్లకి 'ఇవాళ'ని ఎత్తేసి, పక్క ఊరి ఇవాళలో కలిపెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది గనక, మొగలిపుట్టుగలో ఎవరు ఏ కాలంలో కాపురం ఉంటున్నారో రాసుకొచ్చే పని ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టారు కిల్లాన జోగినాయుడి మీద పడింది.

ఇందులో ఆయన ఆశ్చర్యపోవడానికేమీ లేదు. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆ ఊరి మేకల్ని లెక్కపెట్టాడు, మరుగుదొడ్లని లెక్కపెట్టాడు, మరుగుదొడ్లుండీ వాడనివాళ్లని లెక్కపెట్టాడు, ఒక ఏడు ఎండాకాలం సెలవుల్లో తాటిచెట్లకి నంబర్లు వేశాడు. ఏదో ఒకనాటికి కాలం వంతూ వస్తుందని ఆయనకి తెలుసు. ఉత్తర్వులో చూపించిన కారణం కూడా సబబుగానే ఉంది. ప్రతి ఊరికీ విడిగా తెల్లవారడం, విడిగా మధ్యాహ్నం కావడం, విడిగా పొద్దుగూకడం పెద్ద భారం. తీరా తెల్లారాక దాన్ని వాడుకునే నాథుడు ఉండడు. సగం మంది నిన్నట్లో ఉంటారు, సగం మంది రేపట్లో ఉంటారు. మధ్యన ఇవాళ అనేది ఎవరూ కూర్చోని విస్తరిలాగ ఈగలు ముసురుకుని పడుంటుంది. అందుచేత జనం వాడుతున్న చోటికి దాన్ని తరలించాలి, మిగతా ఊళ్లవాళ్లు అక్కడికి వెళ్లి వాడుకోవాలి.

మొగలిపుట్టుగ నెగ్గకపోతే దాని ఇవాళ ఊరి పక్కన పారే గెడ్డ అవతల, మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న రంగాలపేటకి పోతుంది. ఇవాళతో పాటు బడి పోతుంది. బడితో పాటు మధ్యాహ్నం పూట పదిహేడు మంది పిల్లలకి ఆ ఊళ్లోనే ఉడికే అన్నం పోతుంది. మిగతా ఉత్తర్వంతా ఎన్నిసార్లు చదివినా జోగినాయుడికి తికమకగానే ఉంది గాని, ఈ ఒక్క ముక్క మాత్రం మొదటిసారికే అర్థమైంది.

ఆ అన్నం వండేది తవిటమ్మ. బడి వెనక రేకుల పాకలో ఆమెదే రాజ్యం. మాస్టారు ఉత్తర్వు చదివి వినిపిస్తే, గరిటె పట్టుకుని విన్నది.

"అయితే మేస్టారూ, ఇవాల ఎత్తుకుపోతే నాను ఎసరెక్కడ పెట్టాల?"

"రంగాలపేటలో."

"పిల్లలు?"

"వాళ్లూ అక్కడికే నడిచి రావాలి."

"మరాకలి?"

దీనికి జవాబు ఉత్తర్వులో కనిపించలేదు. "అదీ అక్కడికే వస్తుంది కాబోలు" అన్నాడు జోగినాయుడు.

తవిటమ్మ గరిటెని చట్టి మీద రెండుసార్లు కొట్టింది. "ఇరవై మందే కదేటి. నూటపది గడపల్లో ఇరవై మంది దొరకరేటి? తిరగండి, దొరుకుతారు."

తిరగడానికి ముందు మండల కేంద్రంలో ఒక పూట శిక్షణ ఇచ్చారు. పట్నం నుంచి వచ్చిన కుర్ర నిపుణుడు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. కాలం అందరికీ ఒకేలా ఉండదన్నాడు. దక్షిణ అమెరికా కొండల్లో కొందరు జరిగిపోయినదాన్ని కళ్లెదట పెట్టుకుంటారట, రాబోయేదాన్ని వీపు వెనక ఉంచుకుంటారట; చూసినది ఎదురుగా ఉండాలి, చూడనిది వెనకాల ఉండాలి అని వాళ్ల లెక్క. ఇంకో దీవిలో ఒక తెగకి కాలం ఏటవాలుగా ఎక్కుతుందట. రేపు అంటే కొండపైకి చెయ్యి చూపిస్తారు, నిన్న అంటే పల్లానికి చూపిస్తారు. కొన్ని దేశాల్లో పనులు వరసలో నిలబడతాయి, ఒకటి అయితే గాని రెండోది రాదు. కొన్ని దేశాల్లో పనులన్నీ మగపెళ్లివారిలాగ ఒకేసారి దిగిపోతాయి.

"మరి మనం ఎలాగ సార్?" అని వెనక బల్ల మీంచి ఒక టీచరమ్మ అడిగింది.

"అది తేల్చడానికే ఈ సర్వే మేడమ్" అన్నాడు కుర్రాడు.

ఆ తర్వాత నిబంధనలు చెప్పాడు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు దేశ భవిష్యత్తు గనక, వాళ్లని అడగక్కర్లేకుండా భవిష్యత్తు గడిలో వెయ్యాలి. అరవై దాటినవాళ్లని గతం గడిలో వెయ్యాలి. మధ్యవాళ్లనే విచారించాలి. చేతులున్న చోటే మనసు కూడా ఉంటే వాడు వర్తమాన నివాసి. చేతులు ఇక్కడ, మనసు అక్కడ ఉంటే, మనసు ఎటుంటే అటు. ఒక కుటుంబానికి ఒకే కాలం. జోగినాయుడు అన్నీ రాసుకున్నాడు. భోజనాలు ఒంటిగంటకని కాగితంలో ఉంది, మూడింటికి వచ్చాయి. ఆ రెండు గంటలూ టీచర్లు ఏ కాలంలో ఉన్నట్టో ఎవరూ అడగలేదు.

మర్నాడు నాయుళ్ల వీధితో మొదలుపెట్టాడు. మొదటి ఇంట్లో దువ్వారి గౌరీశ్వర్రావు అరుగు మీద పడుకుని ఉన్నాడు. ముప్పై ఆరేళ్లవాడు. ఊరి బయట ఫ్యాక్టరీ వస్తుందని పదకొండేళ్ల కిందట బోర్డు పాతారు. ఫ్యాక్టరీ రాలేదు, బోర్డు మాత్రం రెండుసార్లు మార్చారు.

"ఏం చేస్తున్నావు గౌరీశ్వర్రావూ?"

"ఖాలీయే మేస్టారూ. ఉజ్జోగం మానీసేను."

"ఏ ఉద్యోగం?"

"ఫేక్టరీలోది."

"ఫ్యాక్టరీ రాలేదు కదయ్యా."

"అదే గదా. రాకముందే మానీసేను. వొచ్చినాక ఆ మేనేజరుతోటి మనకి పడతాదేటి?"

"ఏ మేనేజరు?"

"వొస్తాడు కదేటి" అన్నాడు గౌరీశ్వర్రావు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

లోపల్నుంచి అతని భార్య గొంతు వినిపించింది. "మూడేల్లు సేసేడు మేస్టారూ. ఒక్కనాడు నన్ను సినిమాకి తీసుకెల్నేదు. డూటీ ఉందే, డూటీ ఉందే అనీవోడు."

జోగినాయుడు భవిష్యత్తు గడిలో టిక్కు పెట్టాడు. ఆ వీధిలో ముప్పై రెండిళ్లు ఉంటే ముప్పై రెండూ అదే గడిలోకి పోయాయి. ఒకాయన ఇంకా కట్టని ఇంటికి గుమ్మం ఎటుండాలో అన్నదమ్ములతో మాటలు మానేశాడు. ఇంకొకాయన రాబోయే రోడ్డు తన పొలంలోంచి పోతుందని, నాటిన కొబ్బరి మొక్కల్ని ముందే పీకి పక్కన పెట్టాడు.

గెడ్డ వైపు వీధిలో సంగతి వేరు. తెప్పల కామేసు నలభై అయిదేళ్లవాడు, పొలం గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన తాతగారి కాలంలో, పెద్ద తుఫాను వచ్చిన ఏడు, పక్కవాళ్లు ఆ గట్టుని జానెడు ఇటు జరిపారు. కామేసు అప్పటికి పుట్టలేదు గాని, ఎవరెవరు పార పట్టుకున్నారో, ఎవరి తలపాగా ఏ రంగుదో చెప్పగలడు. ఒక గంట చెప్పాడు. జోగినాయుడు నిలబడి విన్నాక, నిబంధన ప్రకారం అడగవలసింది అడిగాడు.

"బాగుంది గాని కామేసూ, ఈ మడిలో ఇప్పుడేం వేశావు?"

"ఇప్పుడా?" కామేసు వెనక్కి తిరిగి, ఎవరి పొలమో చూసినట్టు తన పొలాన్ని చూశాడు. "ఏదో ఉన్నాది మేస్టారూ."

రెండు వీధులూ అయ్యేసరికి ఊళ్లో ముప్పావు మంది గడుల్లోకి వెళ్లిపోయారు, వర్తమానం గడి మాత్రం కడిగిన పలకలాగ ఉంది. జోగినాయుడికి గాభరా పుట్టింది. ఊరికి పైన కొండ వాలులో సవరల గూడెం ఉంది, పదకొండిళ్లు. అక్కడైనా దొరుకుతారని ఎక్కాడు. గుమ్మంలో కూర్చుని సవర సుక్కాయి వెదురు చీలుస్తున్నాడు. చేతులూ మనసూ రెండూ వెదురు మీదే ఉన్నట్టు కనిపించాయి. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"ఇంట్లో ఎంతమంది సుక్కాయీ?"

"పదమూడు మంది బాబూ."

జోగినాయుడు లోపలికి తొంగి చూశాడు. సుక్కాయి భార్య, కొడుకు, కోడలు. "నలుగురే కదా కనిపిస్తున్నది."

"కనిపించీవోలు నలుగురే."

"మిగతావాళ్లు?"

"మా అయ్య, మా అమ్మ, మా తాత, పెద్దన్న, మా సిన్నప్ప... పోయినోలు."

"పోయినవాళ్లని రాయకూడదు సుక్కాయీ."

"పోయినారంటే ఎక్కడికి పోయినారు బాబూ? ఇక్కడే ఉన్నారు. వచ్చే బేస్తవారం కందికొత్తల పండగ. ముందు ఆ పెద్దోలు తినాల. ఆలంతా తిన్నాక గాని కొత్త కందులు మేం నోట్లో ఎయ్యం. ఇంట్లో ఉన్నోలకి కాక, నేని మనిసికి ముందు ఎవులు పెడతారు?"

జోగినాయుడు తల గోక్కున్నాడు. "అయితే నువ్వు గతంలో ఉన్నట్టా, వర్తమానంలో ఉన్నట్టా?"

సుక్కాయి చీల్చిన వెదురు బద్దని కంటి ముందు పట్టుకుని వంకర చూశాడు. "ఈ బద్ద మొదలు అటుంది, కొస ఇటుంది. నాను మజ్జిని పట్టుకున్నాను. మజ్జి ఒక్కటీ ఇరిసి ఇమ్మంటే నీకు మజ్జి ఉంటాదేటి బాబూ, మల్లీ దానికి రెండు కొసలే ఉంటాయి."

ఫారంతో పాటు ఫోన్లోనూ ఎక్కించాలి గనక, మాస్టారు అందులో గతం, వర్తమానం రెండూ నొక్కి చూశాడు. ఒక కుటుంబానికి ఒక కాలమే ఎంచుకోమని ఎర్ర అక్షరాలొచ్చాయి. కిందకి దిగి, వాటర్ ట్యాంకు ఎక్కి, సిగ్నలు దొరికాక మండల కాల విస్తరణాధికారికి ఫోను చేశాడు. ఆయన సంగతంతా ఓపిగ్గా విన్నాడు.

"చనిపోయినవాళ్లు తొమ్మిది, బతికున్నవాళ్లు నాలుగు. అంతే కదండీ?"

"అంతేనండి."

"మెజారిటీ ఎటుంటే అటే. గతం."

గూడెంలో పదకొండిళ్లూ ఆ లెక్కనే గతంలోకి పోయాయి. ఇక మిగిలినది వెతుక్కోవడమే. చేతులున్న చోట మనసు ఉండకపోతే ప్రమాదం వచ్చే పనులేవో జోగినాయుడు ఆలోచించాడు. అలా ఆలోచించాక దారి దొరికింది. జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్లున్నారు. చెక్క సుత్తి ఒక్కసారి గురి తప్పితే వేలు నలుగుతుంది, జీడి చిమ్మితే చర్మం కాలుతుంది. వాళ్లకి సుత్తి కింద ఉన్న పిక్క తప్ప ముందూ వెనకా లేవు. పదకొండు. తాటిచెట్టు మీద కల్లు గీసే పైడయ్య, పన్నెండు. మనసు మళ్లితే కింద పడతాడు. నుయ్యి పూడిక తీస్తున్న నలుగురు, పదహారు. తవిటమ్మ పదిహేడు. రాత్రీ పగలూ తేడా తెలీని చంటిపిల్ల తల్లి ఒకామె పద్దెనిమిది. సన్యాసి అనే తాగుబోతు పందొమ్మిది. నిన్న ఏం జరిగిందో వాడికి గుర్తుండదు, రేపు ఏం జరుగుతుందో వాడికి పట్టదు. మండలంలోనే అంతటి వర్తమాన నివాసి ఉండడని జోగినాయుడికి అనిపించింది.

ఇరవయ్యో మనిషి కోసం రెండు రోజులు తిరిగాడు. దొరకలేదు. ఆఖరికి బల్ల ముందు కూర్చుని తన్ను తానే విచారించుకున్నాడు. నీ చేతులెక్కడున్నాయి? ఫారం మీద. నీ మనసెక్కడుంది? అది బదిలీల కౌన్సెలింగులో, మొదటి సంవత్సరం నుంచీ ఎక్కడ కూర్చుందో అక్కడే ఉంది. ఈ ఊళ్లో పద్నాలుగేళ్లున్నాడు గాని, ఒక్క రోజూ ఈ ఊళ్లో ఉన్నట్టు ఆయనకి రుజువు దొరకలేదు. అయినా వర్తమానం గడిలో తన పేరు రాసి టిక్కు పెట్టాడు. ఉద్యోగంలో ఆయన రాసిన మొదటి అబద్ధం అది కాదు. తన గురించి రాసుకున్న అబద్ధాల్లో మాత్రం అదే మొదటిది.

"ఇరవై" అని చెప్పగానే తవిటమ్మ ఆ రోజు పప్పులో ఒక గరిటె నూనె ఎక్కువ వేసింది.

ఖరారు చెయ్యడానికి డివిజను నుంచి కాల పరిశీలనాధికారి పద్మలోచనగారు బేస్తవారం పదింటికి వస్తారని కబురొచ్చింది. ముందు రోజు జోగినాయుడు ఇరవై మంది దగ్గరికీ వెళ్లి మరీ చెప్పాడు. "మీరేమీ చెయ్యక్కర్లేదు. రోజూ చేసే పని చేసుకుంటూ ఉండండి. ఆవిడ వచ్చి చూసుకుని వెళ్తుంది. ఎవరూ బడికి రావద్దు."

అందరూ తలూపారు. జీడిపిక్కల షెడ్డులో పెద్దది గున్నమ్మ మాత్రం, మాస్టారు వెళ్లిపోయాక మిగతావాళ్లతో అన్నది. "మేస్టారు మొగమాటానికి అలగంటాడు. అంత పెద్దమ్మ మనకోసం వొత్తంటే, మనం నల్లచేతులేసుకుని పిక్కలు కొట్టుకుంటే ఏటనుకుంటాది? ఈ ఊరికి మరేద నేదనుకోదేటి?"

ఆఫీసరొస్తే పని ఆపడం ఆ ఊరి మర్యాద. తాతల నాటి నుంచీ అంతే. బేస్తవారం తొమ్మిదిన్నరకే పదకొండు మంది ఆడవాళ్లూ తలంట్లు పోసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని బడి అరుగు మీద వరసగా కూర్చున్నారు. పైడయ్య చెట్టు దిగి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. నూతిలో నలుగురూ పైకొచ్చి తల దువ్వుకున్నారు. చంటిపిల్ల తల్లి పిల్లకి కాటుక పెట్టి తెచ్చింది. సన్యాసి ఆ రోజు గౌరవంగా ఉండాలని చుక్క ముట్టలేదు. ముట్టకపోయేసరికి పదిహేనేళ్ల సంగతులు ఒక్కసారి గుర్తొచ్చి, అరుగు చివర కూర్చుని చచ్చిపోయిన తమ్ముడి కోసం ఏడవసాగాడు.

"మిమ్మల్ని రావద్దన్నానా?" అన్నాడు జోగినాయుడు.

"మీరనకేం సేత్తారు బాబూ" అన్నది గున్నమ్మ, ఆయన మంచితనానికి మురిసిపోతూ.

పది అయింది, పన్నెండు అయింది. అరుగు మీద అందరూ రోడ్డు వైపు చూస్తున్నారు. తవిటమ్మ కూడా పిల్లలకి పెట్టేసి, పొయ్యి ఆర్పి, చెంగుతో మొహం తుడుచుకుని వచ్చి కూర్చుంది. దుమ్ము లేచినప్పుడల్లా అందరూ లేచి నిలబడ్డారు. గేదెలని చూసి మళ్లీ కూర్చున్నారు. మూడూ ఇరవైకి జీపొచ్చింది.

పద్మలోచనగారు మెత్తని మనిషి. ఆలస్యమైనందుకు నొచ్చుకుంది, మంచినీళ్లు అడిగి తాగింది, అరుగు వైపు చూసింది.

"వీళ్లంతా ఏం చేస్తున్నారండీ?"

జోగినాయుడు చేతిలో ఫారం మడిచాడు. "మీ కోసం... చూస్తున్నారండి."

"ఎప్పటినుంచి?"

"పొద్దున్న తొమ్మిదిన్నర నుంచండి."

ఆవిడ కాగితాల్లో నాలుగో నిబంధన తీసి చూపించింది. ఎదురుచూడటం భవిష్యత్తు కిందికి వస్తుంది. అయిదు గంటల యాభై నిమిషాల పాటు ఇంతమంది ఏకధాటిగా భవిష్యత్తులో ఉన్న దాఖలా తన సర్వీసులో చూడలేదని కూడా అన్నది. సన్యాసిని మాత్రం విడిగా విచారించి గతంలో వేసింది.

తవిటమ్మ లేచి ముందుకొచ్చింది. "అమ్మా, మీరిప్పుడు వొచ్చీసేరు గదా. ఇంకెవులి కోసం సూత్తాం? ఇప్పుడు రాసుకోండి, ఇప్పుడిక్కడే ఉన్నాం."

పద్మలోచనగారు తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు నేనెప్పుడు వెళ్తానా అని చూస్తున్నారు కదమ్మా" అన్నది.

తవిటమ్మ వెళ్లి మళ్లీ అరుగు మీద కూర్చుంది.

ఇంకా పొద్దుంది గనక గూడెం కూడా చూద్దామన్నది ఆవిడ. కొండ వాలు ఎక్కి వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ రోడ్డు వైపు చూడలేదు. కందికొత్తల పండగ. పెద్దలకి పెట్టడం అయింది. సుక్కాయి భార్య రెండు ఆకు దొప్పల్లో పొగలొచ్చే ఉడికిన కందులు తెచ్చి ఆఫీసరమ్మకొకటి, మాస్టారికొకటి ఇచ్చింది. పద్మలోచనగారు రాతి మీద కూర్చుని తిన్నది. మధ్యలో ఫోను మోగితే తియ్యలేదు. దొప్ప ఖాళీ అయ్యాక ఇంకొంచెం ఉంటుందా అని అడిగింది.

జోగినాయుడు ధైర్యం చేశాడు. "మేడమ్, ఇక్కడ ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. ఎవరూ ఎవరి కోసమూ చూడటం లేదు. ఇంతసేపూ మీరు కూడా గడియారం చూడలేదు. దీన్ని ఇవాళ అనకపోతే మరేమంటారండీ?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. "బాగుందండీ. కాని ఈ కందులు మొదట ఎవరికి పెట్టారు?"

"వాళ్ల పెద్దలకండి."

"అంటే నేను తిన్నది గతంలో మిగిలినది."

"వేడిగా ఉంది కదండీ మేడమ్."

"వేడి సంగతి ఫారంలో లేదు మాస్టారూ" అన్నది పద్మలోచనగారు. ఆ మాట తనకే రుచించనట్టు దొప్పని మడిచి కాసేపు చేతిలోనే పట్టుకుని, సంతకం పెట్టేటప్పుడు కింద పెట్టింది.

మొగలిపుట్టుగ వర్తమాన జనాభా సున్నా అని తేలింది.

వేసవి సెలవులయ్యాక, జూన్ పన్నెండున ట్రాక్టరొచ్చింది. బడిగంట, నల్లబల్ల, వంటచట్టి ఎక్కించారు. జాబితాలో ఆఖరి వరసలో 'ఇవాళ – ఒకటి – పాతది' అని రాసుంది. అది ఎక్కించడం జోగినాయుడు చూడలేదు గాని, అందిందని రంగాలపేట నుంచి రసీదు మాత్రం వచ్చింది.

ఆ రోజు నుంచి మొగలిపుట్టుగలో జరగకూడనిది ఒక్కటే, ఏదైనా జరగడం. తలుచుకోవచ్చు, అనుకోవచ్చు. కొనడం, అమ్మడం, వండటం, జ్వరం రావడం, దెబ్బలాడుకోవడం, కనడం, ఇవన్నీ రంగాలపేటలో. పొద్దున్నే లేచి, గెడ్డ దాటి, అక్కడ ఇవాళ వాడుకుని, సాయంత్రానికి తిరిగి రావాలి. తిండికి మాత్రం వెసులుబాటు ఉంది. చద్దన్నం నిన్నటిది గనక ఊళ్లో తినొచ్చు. రంగాలపేటలో వండుకున్నది గిన్నెల్లో తెచ్చుకుని మర్నాడు పొద్దున్న చద్దిగా తినేవారు.

గొడవవుతుందని జోగినాయుడు భయపడ్డాడు. అవలేదు. నాయుళ్ల వీధిలో చాలామందికి నెలరోజుల దాకా ఆ సంగతే తెలీలేదు. గౌరీశ్వర్రావు అరుగు మీద అలాగే పడుకుని ఉన్నాడు. కామేసైతే సంతోషించాడు కూడా. "మంచిదే మేస్టారూ. ఇంక ఆ గట్టు జరగదు." పిక్కలు కొట్టే ఆడవాళ్లు సుత్తులు చెంగున కట్టుకుని రోజూ నడిచారు, సన్యాసి రంగాలపేటలోనే ఉండిపోయాడు. తవిటమ్మ పది రోజులు తిరిగి, కాళ్లు పీకి, అక్కడ చెల్లెలింట్లో మకాం పెట్టింది. గూడెం వాళ్లు మాత్రం రంగాలపేట మొహం చూడలేదు. పెద్దలు గెడ్డ దాటరని, పెద్దలు రాని చోటికి తాము రామని సుక్కాయి చెప్పాడు. ఎలాగూ గతంలో ఉన్నవాళ్లే గనక ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు.

శ్రావణంలో వాన పట్టుకుంది. గెడ్డ రెండు దరులూ ఒరుసుకుని పారింది. మొదటి రోజు ఎవరూ ఇవాళకి వెళ్లలేకపోయారు. ఇళ్లల్లో చద్ది ఉంది, తిన్నారు. రెండో రోజు అడుగున మిగిలినదానిలో నీళ్లు పోసి పంచుకున్నారు. మూడో రోజు చద్ది లేదు. చద్ది ఉండాలంటే నిన్న ఎవరైనా వండి ఉండాలి, నిన్న వండాలంటే నిన్నటికి ఒక ఇవాళ ఉండి ఉండాలి. అది గెడ్డ అవతల ఉండిపోయింది. బియ్యం ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఒకరిద్దరు పొయ్యి వైపు చూశారు గాని, పక్కింట్లో పొగ లేకపోవడం చూసి ఊరుకున్నారు. జనం అరుగుల మీద కూర్చుని గెడ్డ వైపు చూస్తున్నారు.

జోగినాయుడు ఇంటి వసారాలో పిల్లలు కూర్చుని ఉన్నారు. బడి లేకపోయినా వాళ్లు ఆ వేళకి మాస్టారి దగ్గరికి వచ్చి కూర్చోవడం మానలేదు. మామూలుగా అయితే తోసుకుంటారు, గిల్లుకుంటారు. ఆ రోజు ఎవరూ కదలటం లేదు. పైన కొండ వాలులో గూడెం ఇళ్ల మీంచి సన్నగా పొగ లేస్తోంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే సుక్కాయి కాదనడని ఆయనకి తెలుసు. కాని అది గతం, వీళ్లు దేశ భవిష్యత్తు. వీళ్లని అక్కడికి తీసుకెళ్లే అధికారం తనకి ఉందో లేదో తెలీలేదు. అడుగుదామని ట్యాంకు ఎక్కాడు, సిగ్నలు లేదు. దిగొచ్చాడు.

పంపవలసిన ఫారం ఒకటి బల్ల మీద ఉంది. విలీనం తర్వాత పరిస్థితి గురించి. గ్రామంలో ఎవరికైనా ఇబ్బంది కలుగుతున్నదా, విచారించి రాయాలి. జోగినాయుడు విచారించడానికి వసారాలోకి వచ్చాడు. స్తంభానికి ఆనుకుని రెండో తరగతి లిఖిత కూర్చుంది, పిక్కలు కొట్టే గున్నమ్మ మనవరాలు. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

"ఆకలేస్తోందా అమ్మా?" అని అడిగాడు.

ఆ పిల్ల, మాస్టారు లెక్క అడిగినప్పుడు ఆలోచించినట్టు, కళ్లు పైకెత్తి ఆలోచించింది.

"ఇక్కడ ఎయ్యదు కదా మేస్టారూ" అన్నది. "గెడ్డ తగ్గినాక రంగాలపేటలో ఏస్తాది."

చెప్పి, సరిగ్గా చెప్పానా లేదా అని ఆయన మొహంలోకి చూసింది. పక్కనున్న పిల్లలు కూడా చూశారు.

"కరెక్టు" అన్నాడు జోగినాయుడు, ఏళ్ల తరబడి పడిన అలవాటు కొద్దీ. లిఖిత మొహం కొంచెం వెలిగింది.

ఆయన లోపలికి వచ్చి, బల్ల ముందు కూర్చుని, ఇబ్బందులు అన్న గడిలో 'ఎవరికీ లేవు' అని రాశాడు. రాసినదాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. అందులో అబద్ధం ఎక్కడుందో ఎంత వెతికినా ఆయనకి కనిపించలేదు.